ముందు గురక సంగతి తేలాలి!

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తారల పెళ్ళిళ్ళ తరువాత ఎక్కువగా కనిపించే ప్రశ్న ఒకటుంది. "ఫలానా హీరో కిందటి సినిమాలో అంత బొద్దుగా ఉన్నాడు కదా, ఈ సినిమాలో ఇంత సన్నగా ఎలా అయ్యాడు? ఆపరేషనేనా?"

ప్రశ్న కొత్తది కాదు. 'రాఖీ' (2006) లో చూసిన జూనియర్ ఎన్టీఆర్ 'యమదొంగ' (2007) లో సన్నగా మెరుపుతీగలా కనిపించినప్పుడు హాస్టల్ గదుల్లో తెల్లవార్లూ జరిగిన చర్చలు నాకింకా గుర్తే. తెలుగులోనూ పాటలు పాడిన అద్నాన్ సమీ సంగతి చూడండి. 230 కిలోల మనిషి వందకు పైగా కిలోలు తగ్గాడు. "ఆపరేషన్ కాదు బాబూ, తిండి మార్చుకుని తగ్గాను" అని ఎన్ని ఇంటర్వ్యూల్లో చెప్పినా నమ్మేవాళ్ళు తక్కువే!

సన్నబడ్డ తారను చూడగానే మనకు తోచేది ఒకటే. డబ్బుంది, ఆపరేషన్ చేయించుకున్నారు, అయిపోయింది! ఈ వారం ఆ 'అయిపోయింది' అన్న మాట గురించే చెప్పుకుందాం. ఎందుకంటే మా ఇంట్లోనే ఒకరు ఆ దారిలో ఉన్నారు. ఆపరేషన్ ఇంకా కాలేదు. కానీ దానికి ముందు జరిగే కథే ఒక పూర్తి నిడివి చిత్రానికి సరిపోయేలా ఉంది.

మాది అక్కన్నపేట. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా హుస్నాబాద్ మండలంలో ఒక ఊరు. 2016లో జిల్లాలు మారినప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసి, తానే ఒక మండలమైంది. మా చిన్నమ్మ కొడుకు, నాకు తమ్ముడు వరస. వయసు 26. హైదరాబాదులో ఒక కంపెనీ గోదాములో సూపర్‌వైజరు. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 110 కిలోలు. బస్సులో కూర్చుంటే చాలు, గురక మొదలు. మెట్లెక్కితే ఆయాసం. పెళ్ళిసంబంధాలు రెండు తప్పిపోయాక "ఇగ ఆపరేషనే" అని నిర్ణయించుకున్నాడు. నేను పత్రికలవాణ్ణి కదా, నాకన్నీ తెలుస్తాయని మావాళ్ళ నమ్మకం. అలా వాడి వెంట తిరిగే పని నాకు పడింది.

మొదట ఒక క్లినిక్కుకు వెళ్ళాం. చల్లటి గది, మంచి సోఫా, గోడ మీద నడుము కొలుచుకుంటున్న అమ్మాయి బొమ్మ. "ఆలస్యం అమృతం విషం అన్నారు కదండీ" అన్నాడు అక్కడి మేనేజరు. "గురువారం చేరండి, శుక్రవారం ఆపరేషన్, సోమవారం ఇంటికి. పదో తారీఖులోపు అడ్వాన్సు కడితే తగ్గింపు కూడా ఉంది." నాలుగు రక్తపరీక్షలు తప్ప వాళ్ళేమీ అడగలేదు. సిగరెట్టు తాగుతావా అని గానీ, రాత్రి నిద్ర ఎలా పడుతుంది అని గానీ ఒక్క మాట లేదు.

తరువాత ఒక పెద్దాసుపత్రికి వెళ్ళాం. అక్కడ చేతికి ఒక జాబితా ఇచ్చారు. గుండె పరీక్ష, పొట్ట స్కానింగు, ఎండోస్కోపీ, థైరాయిడ్, మూడు నెలల షుగరు సగటు, విటమిన్లు, డైటీషియన్‌తో ముఖాముఖి, మనస్తత్వ నిపుణుడితో ముఖాముఖి, సిగరెట్టు బందు, రెండు వారాలు నీళ్ళలాంటి తిండి... అన్నిటికన్నా పైన, రాత్రంతా వైర్లు తగిలించుకుని పడుకునే నిద్ర పరీక్ష. ఆపరేషన్ తేదీ ఏడు వారాల తరువాత!

మూడోది అమెరికా నుంచి వచ్చింది. డల్లాస్‌లో ఉండే మా చిన్నమ్మ బంధువు ఒకామె ఇదే ఆపరేషన్ చేయించుకుంది. ఆమె ఫోనులో చెప్పింది, "మా ఇన్సూరెన్సువాళ్ళు ఆరు నెలలు డైటీషియన్ దగ్గరికి తిప్పారు. ఒక నెల తప్పినా మళ్ళీ మొదటికే" అని.

ఆ రాత్రి మా తమ్ముడు తల పట్టుకున్నాడు. "అన్నా, రోగం ఒక్కటే, మనిషి ఒక్కడే. మూడు దిక్కుల మూడు తీర్లు చెప్పవట్టిరి. గురువారం రమ్మనేటోడు మంచోడా, గురకకు కూడ పరీక్ష పెట్టేటోడు మంచోడా?"

మంచి ప్రశ్నే. నాకు తెలిసిన డాక్టర్లను అడిగి, చదవవలసినవి చదివాక నాకు అర్థమైన సంగతి ఇది. ఆ జాబితాలోని ప్రతి షరతూ మూడింటిలో ఏదో ఒక చోటు నుంచి వస్తుంది. కొన్ని మన ఒంటి నుంచి, కొన్ని డాక్టరు అలవాటు నుంచి, కొన్ని డబ్బు కట్టేవాడి నుంచి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం గాభరా పోతుంది.

ముందు ఆ రెండు వారాల పథ్యం తీసుకోండి. "ఎట్లాగూ పొట్ట కోస్తరు గద, ముందుగాల ఎందుకు మాడాలె?" అని మావాడి గోల. కారణం కాలేయం, అదే మన కార్జం. కార్జం ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద కప్పుకుని ఉంటుంది. చిన్న రంధ్రాల గుండా ఆపరేషన్ చేసే డాక్టరు దాన్ని పక్కకు ఎత్తి పట్టుకుంటే తప్ప కింద పని చేయలేడు. లావుపాటి మనిషికి ఆ కార్జంలో కొవ్వు పట్టి బరువుగా, పెళుసుగా ఉంటుంది. ఎత్తబోతే చిట్లి రక్తం కారవచ్చు. రోజుకు వెయ్యి కేలరీలకు లోపు, పిండిపదార్థం తగ్గించి తింటే కొద్ది రోజుల్లోనే అది తగ్గి మెత్తబడుతుంది. కొందరు డాక్టర్లు వారం చాలంటారు, కొందరు రెండు వారాలు, బరువు మరీ ఎక్కువైతే నాలుగు వారాలు కూడా. ఎన్ని రోజులన్నది డాక్టరు అలవాటు. కార్జం తగ్గాలన్నది మాత్రం ఒంటి అవసరం.

దీనికి పెద్ద ఉదాహరణ మన దేశంలోనే జరిగింది. 2017 ఫిబ్రవరిలో ఈజిప్టు నుంచి ఇమాన్ అహ్మద్ అనే ఆమెను ముంబయి తీసుకొచ్చారు. బరువు దాదాపు 500 కిలోలని చెప్పారు. వచ్చిన రోజే బల్ల ఎక్కించలేదు. వారాల తరబడి ద్రవాహారం మీద ఉంచి, వందకు పైగా కిలోలు తగ్గాయన్నాకే మార్చి 7న ఆపరేషన్ చేశారు. పాపం, అదే ఏడాది సెప్టెంబరులో ఆమె అబుదాబిలో చనిపోయింది. ఆపరేషన్‌తో కథ సుఖాంతం అయిపోదనడానికి కూడా ఆమే ఉదాహరణ.

ఎండోస్కోపీ సంగతి వేరు. కొందరు డాక్టర్లు అందరికీ చేస్తారు, కొందరు కడుపులో మంట ఉందన్నవాళ్ళకే చేస్తారు. పుండ్లున్నాయా, హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవి ఉందా అని చూస్తారు. ఛాతీలో మంట ఎక్కువగా ఉన్నవాళ్ళకు స్లీవ్ అనే పద్ధతి సరిపడకపోవచ్చు. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75-80 శాతం కోసి తీసేస్తారు, మిగిలింది అరటికాయంత గొట్టం. తీసేసింది మళ్ళీ రాదు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయాన్ని లోపలే ఉంచుతారు గానీ, చాలా భాగానికి దారి మూసేస్తారు. ఆ తరువాత మామూలు ఎండోస్కోపీ గొట్టం అక్కడికి పోదు. అందుకే ముందే ఒకసారి చూసుకోవడం.

సిగరెట్టు దగ్గర మా ఇంట్లో చిన్న ప్రళయం జరిగింది. "ఏమైనా అలవాట్లున్నాయా?" అని డాక్టరు అడిగేసరికి పక్కనే మా చిన్నమ్మ కూర్చుని ఉంది! మావాడు పైకప్పు వంక చూశాడు. డాక్టరు అనుభవజ్ఞుడు. చిన్నమ్మను బయట కూర్చోమని, తలుపు వేసి, మళ్ళీ అడిగాడు. రోజుకు ఎనిమిది అని తేలింది. కనీసం ఆరు వారాలు బందు పెట్టమన్నారు. పొగ తాగేవాళ్ళకు కుట్లు త్వరగా మానవు, మత్తు ఇచ్చినప్పుడు ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. ఇంట్లో దాచండి, దాచకండి, అది మీ ఇష్టం. మత్తు డాక్టరు దగ్గర మాత్రం దాచవద్దు. నాటుమందు తిన్నా, జిమ్ముపొడి తిన్నా చెప్పాల్సిందే.

ఈ మధ్య ఇంకొకటి చేరింది. బరువు తగ్గించే ఇంజెక్షన్లు! మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ జూన్‌లో మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. అవి కడుపును నెమ్మదిగా ఖాళీ అయ్యేలా చేస్తాయి. ఆరు గంటలు ఉపవాసం ఉన్నా తిన్నది లోపలే ఉండి, మత్తులో గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంది. 2023లో అమెరికా మత్తు డాక్టర్ల సంఘం, వారానికొకటి వేసుకునేదైతే ఆపరేషన్‌కు వారం ముందు ఆపమంది. 2024లో ఇతర సంఘాలతో కలిసి, చాలామంది ఆపనక్కరలేదు, అవసరమైనవాళ్ళు ముందురోజు ద్రవాహారం మీద ఉంటే చాలని మార్చింది. చూశారా, ఒకే సంఘం ఏడాదిలో మాట మార్చింది! అది మోసం కాదు, తెలిసేకొద్దీ దిద్దుకోవడం. మన పని ఒక్కటే, ఇంజెక్షన్ వేసుకుంటున్న సంగతి చెప్పడం.

మనస్తత్వ నిపుణుడు అనగానే మా చిన్నమ్మ గుండె బాదుకుంది. "నా బిడ్డకు పిచ్చా?" కాదు చిన్నమ్మా! దిగులుతో తింటున్నాడా, ఆకలితో తింటున్నాడా అని చూస్తారు. ఆపరేషన్ తరువాత కల్లయినా సారా అయినా త్వరగా నెత్తికెక్కుతుంది. తిండి తగ్గినవాడు తాగుడుకు మళ్ళే ప్రమాదం ఉంది. మా వైపు దావతంటే ఏమిటో మీకు తెలుసు కదా. ఆ మాట ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇక డబ్బు కట్టేవాడి సంగతి. ఎత్తునూ బరువునూ కలిపి వేసే బీఎంఐ లెక్క ప్రకారం మావాడిది 38. 1991లో అమెరికాలో నిపుణులు కూర్చుని గీసిన గీత, బీఎంఐ 40 ఉంటే ఆపరేషన్, లేదా 35 ఉండి దానికి తోడు జబ్బులుంటే ఆపరేషన్ అని. 2022లో సర్జన్ల సంఘాలు ఆ గీతను కిందికి దించాయి. జబ్బు ఉన్నా లేకపోయినా 35 చాలన్నాయి. మనలాంటి ఆసియావాళ్ళకు అంతకంటే తక్కువ దగ్గరే ఆలోచించమన్నాయి. మనకు అదే బరువులో పొట్టకొవ్వు ఎక్కువ, షుగరు త్వరగా వస్తుంది కనుక. కానీ మన ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థ 2019లో పెట్టిన నిబంధన పాత గీతనే పట్టుకుంది. 40 ఉండాలి. లేదా 35 ఉండి, అదుపు కాని షుగరో, గుండెజబ్బో, నిద్రలో ఊపిరి ఆగే తీవ్రమైన జబ్బో ఉండాలి. పైగా ఆ రెండో దారిలో వెళ్ళేవాళ్ళు మామూలు పద్ధతుల్లో ప్రయత్నించి విఫలమై ఉండాలి.

అంటే డాక్టరు లెక్కలో మావాడు అర్హుడు, ఇన్సూరెన్సు లెక్కలో కాడు! మనిషి అదే, బరువు అదే. డల్లాస్ బంధువును ఆరు నెలలు తిప్పింది కూడా ఇలాంటి లెక్కే. ఆ ఆరు నెలల షరతు వల్ల రోగికి మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదని అక్కడి సర్జన్ల సంఘమే 2016లో చెప్పింది.

మరి మావాడి గతేమైంది? అక్కడే గురక పరీక్ష వచ్చింది! వెక్కిరించుకుంటూ పోయి, వైర్లు కట్టించుకుని పడుకున్నాడు. తెల్లారి కాగితం చూస్తే గంటకు 41 సార్లు ఊపిరి ఆగడమో, సన్నగిల్లడమో జరుగుతోంది. 30 దాటితేనే తీవ్రం అంటారు. బస్సులో మేం నవ్వుకున్న ఆ గురక ఇన్నాళ్ళూ వాణ్ణి నిద్రలో గొంతు నులుముతోందన్నమాట. గురువారం చేరి శుక్రవారం మత్తు తీసుకుని ఉంటే? ఆ సంగతి తెలియని మత్తు డాక్టరు, మెలకువ రాని గొంతు... నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెంటనే రాత్రిపూట ముక్కుకు తగిలించుకునే గాలి మిషను ఇచ్చారు. వారం తిరిగేసరికి, "అన్నా, పొద్దుగాల తల నొస్తలేదు" అన్నాడు. పదేళ్ళుగా రోజూ తలనొప్పి ఉందని వాడు ఎవరికీ చెప్పనే లేదు! ఆ కాగితమే ఇన్సూరెన్సువాళ్ళ తలుపు కూడా తెరిచింది. కిందటేడు డైటీషియన్ దగ్గరికి వెళ్ళిన చీటీలు చిన్నమ్మ బియ్యం డబ్బాలో దాచి ఉంచింది కాబట్టి సరిపోయింది. మీరూ అలాంటి చీటీలు పారేయకండి.

ఇప్పుడు సినిమావాళ్ళ సంగతికి వద్దాం. 'నువ్వు నాకు నచ్చావ్' (2001), 'ఇంద్ర' (2002) చూసిన ఏ తెలుగువాడూ ఆర్తీ అగర్వాల్‌ను మరచిపోలేడు. 2015 జూన్ 6న న్యూజెర్సీలో 31 ఏళ్ళకే ఆమె కన్నుమూసింది. కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందనీ, తరువాత ఊపిరి ఇబ్బంది పడిందనీ అప్పట్లో పత్రికలు రాశాయి. 2022 మేలో బెంగుళూరులో 21 ఏళ్ళ కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ అనంతరం మరణించింది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. లైపోసక్షన్ అనేది బరువు తగ్గించే ఆపరేషన్ కాదు. అక్కడక్కడా చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగి ఆకారం దిద్దడం మాత్రమే. షుగరు తగ్గదు, గురక పోదు. జీర్ణాశయం మీద చేసే బేరియాట్రిక్ ఆపరేషన్ వేరు. అదీ ఆషామాషీ కాదు. మన 'విక్రమార్కుడు' హిందీలో 'రౌడీ రాథోర్' (2012) అయింది కదా, అందులో నటించిన రాకేశ్ దీవానా 2014లో ఇందోర్‌లో ఆ ఆపరేషన్ జరిగిన కొద్ది రోజులకే చనిపోయాడు.

ఇవి చెప్పి భయపెట్టాలని కాదు. తగిన ఏర్పాట్లతో చేస్తే ఈ ఆపరేషన్ ప్రాణం నిలిపేదే. 2023లో మన ఉస్మానియా ఆసుపత్రి డాక్టర్లు 240 కిలోల యువకుడికి ఈ ఆపరేషన్ చేశారు. అప్పటి ఆరోగ్యమంత్రి, సిద్దిపేట ఎమ్మెల్యే హరీశ్‌రావు వాళ్ళను మెచ్చుకోవడంతో మా వైపు ఊరూరా ఆ ముచ్చటే. దాని వెనక సర్జన్లే కాదు, మత్తు డాక్టర్లు, ఇతర విభాగాలవాళ్ళు కలిసి పెద్ద బృందమే ఉంది. సినిమాకు ఎంతమంది పని చేస్తే తెర మీద ఒక్క హీరో కనిపిస్తాడో, ఇక్కడా అంతే.

2015లోనే అనుష్క లావెక్కి నటించిన 'సైజ్ జీరో' వచ్చింది. త్వరగా సన్నబరుస్తామని ఊరించే సంస్థ మీద ఒక లావుపాటి అమ్మాయి చేసే పోరాటమే ఆ కథ. మా తమ్ముడు ఆ సినిమా ఈ మధ్యే మళ్ళీ చూసి, "గా క్లినిక్కోడు నాకు ముందే ఎరుకైనట్టున్నడు" అన్నాడు.

వాడిప్పుడు పథ్యంలో తొమ్మిదో రోజు మీద ఉన్నాడు. మజ్జిగ, ప్రోటీన్ పొడి, వడకట్టిన సూపు. సిగరెట్టు మానేసి ఏడో వారం. పొద్దునా సాయంత్రం నోటితో గాలి పీలుస్తూ మూడు బంతుల్ని పైకి లేపే ఆట ఒకటి ఇచ్చారు, ఊపిరితిత్తుల బలానికి. మొన్న పక్కింట్లో ఎల్లమ్మ పండుగ, మటన్ వాసన వీధంతా. చిన్నమ్మ తట్టుకోలేక "ఇంత పులుసన్న పోసుకోరాదు బిడ్డా" అంది. వాడు బంతుల డబ్బా తీసుకుని ఊరి బయటికి నడిచాడు. నేనూ వెంట నడిచాను. మాట్లాడలేదు గానీ, వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి వాడు ఆపరేషన్ బల్ల దిగి ఉంటాడు. ఆ తరువాత ఉంది ముసళ్ళ పండుగ. నాలుగు ముద్దల భోజనం, జీవితాంతం విటమిన్ మాత్రలు, ఏటా రక్తపరీక్షలు. వాడికి తెలుసు. ముందే చెప్పించుకున్నాడు.

మీలో ఎవరైనా ఆ దారిలో ఉంటే, జాబితా పొడుగ్గా ఉందని జడుసుకోవద్దు. ప్రతి షరతు దగ్గరా "ఇదెందుకండీ?" అని అడగండి. ఒంటి కోసమైతే నోరు మూసుకుని చేయండి. డాక్టరు అలవాటైతే మర్యాదగా చర్చించండి. డబ్బు కట్టేవాడి కోసమైతే కాగితాలు జాగ్రత్త చేసుకోండి. జాబితాయే ఇవ్వకుండా అడ్వాన్సు అడిగేవాడు కనిపిస్తే మాత్రం, ఆ చల్లటి గదిలో నుంచి లేచి బయటికి వచ్చేయండి. బయట ఎండగానే ఉంటుంది, పరవాలేదు.

వచ్చే వారం డూపుల ముచ్చట. హీరోల బదులు దూకి నడుములు విరగ్గొట్టుకునేవాళ్ళ కథ.